చేతిపనుల గది, దాని యమరిక

రెండేండ్ల క్రిందట మన పాఠశాలయందు చేతిపనుల గది యొకటి తెరవబడిన సంగతి చదువరులెరుగుదురు. దానిని చూచిపోయిన తల్లిదండ్రులలో పలువురు మమ్ము రెండు ప్రశ్నలడుగుచుందురు. ఇందులకెంత వ్యయమైనదని కొందరు, మా యింట నిట్టి చోటు కావలెనన్న నేమేమి కొనవలెనని కొందరు. రెండును కొనుగోలును గూర్చిన ప్రశ్నలే. వలసిన వస్తువులను ఒక్కనాడు హైదరాబాదు పోయి కొనితేవచ్చును. మేమును అట్లే చేసితిమి. తెచ్చిన వస్తువులను ఎక్కడ నుంచవలెనో తెలిసికొనుటకు మాత్రము మాకొక సంవత్సరము పట్టినది. ఆ సంవత్సరమున నేర్చినదానినే ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట మా తప్పులను చెప్పుట న్యాయము. ఆ గది పూర్వము విరిగిన బల్లలు పడవేయు కొట్టు. రేకుల కప్పు, ఒక తలుపు, ఒక పెద్ద కిటికీ. మేము దానికి సున్నము వేయించి, కిటికీ కెదురుగా నున్న గోడ వెంబడి పొడుగాటి బల్లను వేయించితిమి. పిల్లలు గోడవైపు ముఖము పెట్టి కూర్చుండగా వెలుతురు వారి వీపులపై బడి, ఎవరి నీడ వారి పనిమీదనే పడుచుండెను. ఈ చిన్న సంగతి నాలుగు మాసముల వరకు మాకు తోచలేదు. సూదిలో దారమెక్కించుటకు పిల్లలు మాటిమాటికి లేచి కిటికీయొద్దకు పోవుచుండగా, అల్లరి చేయుచున్నారని వారినే మందలించితిమి.

పనిముట్లను బీరువాలో బెట్టి తాళము వేసితిమి. 40 నిమిషముల పీరియడులో 10 నిమిషములు వానిని పంచుటకును, మరి 10 నిమిషములు లెక్కచూచి లోపల బెట్టుటకును పోవుచుండెను. బల్ల చివర రంగు గిన్నెలు, వాని ప్రక్కనే తెల్లని నూలు, ఫలితము చెప్పనక్కరలేదు. కత్తెరలు 12 కొంటిమి. దసరా సెలవులనాటికి 7 మిగిలినవి. తక్కినవానిని ఎవరును దొంగిలింపలేదు. కాగితపు ముక్కల బుట్టలో పడి చెత్తతో కూడ పోయినవని పిదప తెలిసినది.

ఒకనాడు బోర్డింగులోనున్న కుమారుని చూడవచ్చిన తండ్రి యొకరు, వృత్తిచేత నేతగాడు, ద్వారమునొద్దనే నిలిచి గదిని కలయజూచి, "సారూ, ఇందుల సామాన్లకు జాగున్నది, పనికి జాగ లేదు" అనెను. మాకది కొంచెము కష్టముగానే తోచినది. ఆయనయే మరల, "ఒకసారి మా ఇంటికొచ్చి సూడుండ్రి" అని పిలిచెను. ఆ పిలుపునుబట్టి ఒక శనివారమునాడు 11 మంది విద్యార్థులను వెంటబెట్టుకొని పుట్టపాకకు పోతిమి.

పుట్టపాక సంస్థాన్ నారాయణపురం మండలములోని గ్రామము. 2016 వరకు మన నల్లగొండ జిల్లాలోనే యుండి, జిల్లాల విభజనతో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. భూదాన్ పోచంపల్లివలెనే యిదియు ఇక్కతు నేతకు పేరుగన్నది. నేయకమునుపే నూలును అచ్చటచ్చట బిగించి కట్టి, రంగులో ముంచి, ఆ రంగులు నేతలో కలిసి బొమ్మలగునట్లు చేయుటయే ఈ పని. దీనిని మనవారు చిటికి యందురు. తేలియా రుమాలును నేయువారు ఇచ్చట నున్నారు. చీరాల ప్రాంతమున పుట్టిన ఆ నేతలో నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద నీటిలోను నానబెట్టి, పిసికి, ఆరవేయుదురు. అట్టి రుమాళ్లు పూర్వము అరబ్బు దేశములకు ఎగుమతి యగుచుండెను. 2020 సంవత్సరమున దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ గ్రామపు కళాకారులగు గజం గోవర్ధనగారికి 2011లోను, గజం అంజయ్యగారికి 2013లోను పద్మశ్రీ బిరుదములు వచ్చినవి.

మేము పోయిన యిల్లు పెద్దది కాదు. ముందొక వసారా, నడుమ నొక గది, వెనుక పెరడు. కాని గుమ్మమునుండి పెరటివరకు నడచినంతలో నూలు చీరయగు వరుస యంతయు కనబడినది. వసారాలో నూలు లడులను విప్పి రాట్నముపై చుట్టుదురు. దాని ప్రక్కనే గోడకు చేర్చి ఆసు. ఆసు పోసిన నూలును చట్రమునకు బిగించి, గుర్తులు పెట్టి, సైకిలు ట్యూబునుండి కోసిన సన్నని రబ్బరు పట్టీలతో కట్టుదురు. కట్టిన నూలు పెరటిలోనికి పోయి రంగు దేరును. పొయ్యియు, రంగు పాత్రలును, ఆరవేయు కర్రలును అచ్చటనే యున్నవి. ఆరిన పిమ్మట అది లోనికి వచ్చి, కండెలకెక్కి, కిటికీ ప్రక్కనున్న మగ్గమును చేరును. తడినూలు పొడినూలు త్రోవకు ఎచ్చటను అడ్డుపడదు. ఒక పని ముగిసిన చోటికి చేరువనే తరువాతి పని మొదలగును. బీరువా యనునది ఆ యింట పనిముట్లకు లేనేలేదు. ఏ పనిముట్టు ఎవరికి వలయునో వారి చేతికందునంత దూరములో గోడకు వ్రేలాడుచుండెను. ఆ యిల్లాలు పనినుండి చూపు మరల్చకయే చేయి చాపి కత్తెరను తీసికొనుచుండగా, మా బీరువా తాళపుచెవి మాకు జ్ఞప్తికి వచ్చినది.

గుంట మగ్గమును మేము చిన్ననాటినుండి చూచుచున్నను, గుంట ఎందులకని ఎన్నడును ఆలోచింపలేదు. నేయువాడు నేలమట్టమున కూర్చుండి కాళ్లు గుంటలోనికి జార్చి తొక్కుళ్లను త్రొక్కును. అది యొక ప్రయోజనము. రెండవది తేమ. మనది మెట్టసీమ. వేసవి గాలికి నూలు ఎండి పుటుక్కున తెగును. గుంటలోని మట్టి చల్లదనము పడుగును కొంత మెత్తగా నుంచును. అనగా ఆ గుంట ఏకకాలమున ఆసనమును, నూలును కాపాడు సాధనమును అగుచున్నది. మేము గదికి సిమెంటు నేల వేయించి గర్వపడియుంటిమి.

ఇంకొక సంగతి. మగ్గముపై నెక్కించిన పడుగులో ఒక్క చీరకు కాదు, పలు చీరలకు సరిపోవు నూలుండును. అది దినముల తరబడి అట్లే నిలిచియుండును. సాయంకాలము నేత ఆపినవాడు ఉదయమున వచ్చి, ఆపిన దారమునొద్దనే మొదలుపెట్టును. మన గదిలోనో, గంట కొట్టగానే సర్వమును చుట్టి లోపల బెట్టవలసి యుండెను. అందుచే మన పిల్లలు 20 నిమిషములలో ముగియు పనులనే, కాగితపు పూవులు మొదలగువానినే, చేయుచుండిరి. వారికి ఓపిక లేదని మేమనుకొంటిమి. సగము పని నిలుచుటకు చోటు లేని గదిలో ఓపిక ఎట్లు పెరుగును?

ఇక ఆసు మాట. అర్ధచంద్రాకారముగా మేకులు నాటిన చట్రమే ఆసు. ఒక వైపున నొంటి మేకు, ఎదుట వంపుగా మేకుల వరుస. దారమును ఒంటి మేకునుండి వరుసలోని యొక్కొక్క మేకునకు లాగి, మరల తెచ్చి, మరల లాగవలెను. చీర పన్నా యెంతయో చేయి ప్రతిసారి అంతదూరము చాచవలెను. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు; దినమునకు రెండు చీరలకైనచో 18,000 సార్లు. ఈ పని చాలవరకు స్త్రీలదే. మాకు ఆసు పోసి చూపినది మాతో వచ్చిన యెనిమిదవ తరగతి బాలిక. తన యింట నేర్చినదట. తరగతిలో నోరెత్తని పిల్ల ఆనాడు తోటివారికందరికి గురువైనది. పది నిమిషములు ప్రయత్నించిన మా బాలురు భుజములు పట్టుకొని కూర్చుండిరి.

ఆలేరు మండలము శారాజీపేటలో చేనేత కుటుంబమున పుట్టిన చింతకింది మల్లేశముగారు తన తల్లి లక్ష్మిగారు ఈ బాధ పడుట చూచుచు పెరిగెను. చదువు చిన్న తరగతులలోనే ఆగినది. 1992లో ఆసు పోయు యంత్రమును చేయబూని, చేతికి డబ్బు వచ్చినప్పుడొక భాగము, తోచినప్పుడొక భాగముగా కూర్చుచు, 1999లో పూర్తిచేసెను. చేతితో 4, 5 గంటలు పట్టు పని దానితో గంటన్నరలో నగును. యంత్రమునకు తల్లి పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. 2019లో ఆయన జీవితము చలనచిత్రమైనది. ఆయన మొదట చూచినది యంత్రమును గాదు. ఒక చేయి ఎంతదూరము, ఎన్నిసార్లు పోవుచున్నదో దానిని. ఏ పనిగదిని అమర్చువారైనను మొదట లెక్కింపవలసినది అదియేయని మాకానాడు బోధపడినది.

టీ యిచ్చుచు ఆ యిల్లాలు మమ్మొక మాట అడిగినది: "మా పిలగాన్ని మళ్ల గీ గుంటలనే కూసోబెడ్తరా సారూ?" లేదమ్మా యని వెంటనే చెప్పితిమి. కాని ఆ ప్రశ్న మాతోకూడ నార్కట్‌పల్లికి వచ్చినది. పిల్లవాడు మగ్గము దిగిపోవలెననియే ఆమె వానిని మన బోర్డింగులో చేర్చినది. నేతవలన వచ్చు కూలి యెంతయో ఆమెకు తెలిసినట్లు మాకు తెలియదు. చేతిపనుల గది ఆమె యాశకు అడ్డు కారాదు. అట్లని ఆ పిల్లవాడు తన తల్లిదండ్రుల పనిని చెప్పుకొనుటకు సిగ్గుపడుటకును కారణము కారాదు. ఈ రెంటి నడుమ త్రోవ సన్ననిది. దానిని పూర్తిగా కనుగొంటిమని చెప్పజాలము.

చేతిపనిని బడిలో చేర్చుట క్రొత్త సంగతి కాదు. ఫిన్లాండు దేశమున ఊనో సిగ్నేయసు కృషిచే 1866లోనే గ్రామ పాఠశాలలలో చేతిపని నిర్బంధ పాఠ్యమైనది. స్వీడనులో ఓట్టో సాలమను నేస్ అనుచోట ఉపాధ్యాయులకు ఈ విద్యను నేర్పెను. రంపము పట్టునప్పుడు, చిత్రిక పట్టునప్పుడు దేహము ఎట్లు నిలువవలెనో పటములు వేయించి గోడలకు తగిలించెను. మన దేశమున 1937 అక్టోబరులో వార్ధా సమావేశమునందు గాంధీగారి ప్రాథమిక విద్యా ప్రణాళిక చర్చింపబడి, దానికి రూపమిచ్చు సంఘమునకు హైదరాబాదులో జన్మించిన డాక్టరు జాకిర్ హుస్సేన్‌గారు అధ్యక్షులైరి. ఆ ప్రణాళికకు చేతిపనియే కేంద్రము. మన ఆదివారపు పాఠశాల పటములలో నజరేతులోని యోసేపు కొట్టునందు నేలంతయు చెక్కపొట్టు పడియుండగా, రంపములు కాళ్లలో పడియుండును. ఆ చిత్రకారుడు ఎన్నడును వడ్రంగి కొట్టులో పనిచేసి యుండడని మా యభిప్రాయము.

తిరిగి వచ్చి గదిని తారుమారు చేసితిమి. బల్లను కిటికీకి అడ్డముగా త్రిప్పి, వెలుతురు పిల్లల ఎడమచేతివైపునుండి వచ్చునట్లు వేసితిమి; ఎడమచేతి వాటమువారు ముగ్గురుండగా, వారిని ఎదుటివైపున కూర్చుండబెట్టితిమి. ఒక్క బల్లను కోయించి రెండు ఎత్తులుగా చేయించితిమి. నిలుచున్న పిల్లవాని మోచేతికి కొంచెము దిగువగా పనిచేయు తలముండిన భుజములు పైకెత్తనక్కరలేదు. ఆరవ తరగతివానికిని పదవ తరగతివానికిని ఒకే యెత్తు ఎట్లు సరిపోవును? బీరువా తలుపులు ఊడదీసితిమి. గోడపై పలక బిగించి, ఒక్కొక్క పనిముట్టు ఆకృతిని దానిపై నల్లరంగుతో గీసి, మేకు కొట్టితిమి. కత్తెర లేనిచోట కత్తెర నీడ మిగిలియుండును. గంట కొట్టునప్పుడు ఒక్క చూపుతో లెక్క తేలును. ఆ తరువాత కత్తెర యొక్కటియు పోలేదు.

రంగుపనిని వేపచెట్టు క్రిందికి పంపితిమి. రంగునీరు బోరుబావివైపు పోకుండ వేరు కాలువ త్రవ్వితిమి. పిల్లలకు పసుపు, దానిమ్మ తొక్కలు, పటిక ఇవియే యిత్తుము. పసుపు రంగు ఎండకు వెలియును, అయినను వారికదియే యిష్టము. వేసవిలో రేకులపై తాటాకులు పరపింతుము. మన తాటిచెట్లకు కొదువ లేదు గదా. తలుపు వెనుక గోడకు అరలు కట్టించి, ప్రతి విద్యార్థికి ఒక అర యిచ్చితిమి. సగము పని అందులో ఎన్నిదినములైనను ఉండవచ్చును, ఎవరును కదల్పరాదు. ఈ అరలకైన వ్యయము అన్నిటికంటె తక్కువ. వానివలన కలిగిన మార్పు అన్నిటికంటె ఎక్కువ. ఈ యేడు తొమ్మిదవ తరగతివారు తాటాకు చాపను ఆరు వారములు అల్లిరి.

ఇంట నిట్టిచోటు కావలెననువారికి గది యక్కరలేదు. వసారాలో వెలుతురు వచ్చు మూలను చూచి, ఒక పలక, నాలుగు మేకులు, రెండు ఖాళీ డబ్బాలు ఏర్పరచిన చాలును. కాని ఆ మూలలోని సగము పనిని చీపురుతో ఊడ్చివేయరాదు. భోజనపు వేళకు ఎత్తివేయవలసిన చోటు పనికి చాలదు. మంచము క్రింద జరుపుటకు వీలైన పెట్టె దానికంటె నయము.

మన గదిలో ఇంకను మగ్గము లేదు. సిమెంటు నేలను ఒకవైపున పగులగొట్టి గుంట త్రవ్వించుటకు ఈ వేసవిలో అనుమతి లభించినది. తొలుత మమ్ము పిలిచిన ఆ నేతగాడే వచ్చి కొలతలు వేసెదనని మాటయిచ్చెను. ఆసును మాత్రము బాలురును బాలికలును వంతులవారీగా పోయవలెను, ఎవరును పది నిమిషములకు మించి పోయరాదు. చిటికి కట్టుటకు రబ్బరు పట్టీలు చాల కావలెను. ఇంట పాత సైకిలు ట్యూబులున్నవారు వానిని పారవేయక, జూన్‌లో బడి తెరచునప్పుడు పిల్లలచేత పంపవలెనని కోరుచున్నాము.