వరంగల్ ప్రాంతపు వ్యక్తి నామాలు

వరంగల్ ప్రాంతపు వ్యక్తి నామాలు చాలవరకు అక్కడి క్షేత్రాలతో, జాతరలతో, మొక్కుబడులతో ముడిపడి ఉన్నవి. ఈ వ్యాసంలో వరంగల్ ప్రాంతమనగా 2016 జిల్లాల పునర్విభజనకు పూర్వమున్న వరంగల్ జిల్లా అని గ్రహించాలి. సమ్మయ్య, ఐలయ్య, కొమురయ్య, యాకయ్య వంటి పేర్లు ఇక్కడ, ఇరుగుపొరుగు జిల్లాలలో విరివిగా వినబడును. కోస్తా, రాయలసీమలలో అరుదు. కావున పేరు చెప్పగానే మనిషి ఏ ప్రాంతమువాడో పెద్దలు పోల్చుకొనెడివారు.

క్షేత్రాల పేర్లు

ప్రస్తుతం ములుగు జిల్లాలో ఉన్న మేడారంలో రెండేండ్లకొకసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతర జరుగును. సంతానం కొరకు అక్కడ మొక్కుకొని, బిడ్డ కలిగిన పిమ్మట బెల్లము (దీనిని 'బంగారం' అందురు) సమర్పించి, ఆ బిడ్డకు సమ్మయ్య, సమ్మక్క, సారయ్య, సారక్క అని పేరిడుదురు. జంపన్న వాగు పేర జంపయ్య కూడ కలడు. సమ్మక్కది కోయల జాతర అయినను, ఆమె పేరు అన్ని కులములలోను కనబడును. ఒకే తరగతిలో ఇద్దరు ముగ్గురు సమ్మయ్యలుండుట ఈ ప్రాంతపు ఉపాధ్యాయులకు అనుభవమే. హాజరు పిలుచునపుడు ఇంటిపేరు చేర్చక తప్పదు.

ఐలయ్య, ఐలమ్మ అను పేర్ల కథ మరింత ఆసక్తికరమైనది. కాకతీయుల మంత్రి అయ్యనదేవుడు మల్లికార్జునస్వామి ఆలయమును నిర్మింపజేసిన ఊరు అయ్యనవోలు అయినదని చెప్పుదురు. అదే ఐనవోలు. జనుల నోట 'ఐలోని'గా మారి, స్వామి 'ఐలోని మల్లన్న' అయినాడు. ఆయన పేర పుట్టినవారు ఐలయ్యలు, ఐలమ్మలు. అనగా ఒక మనిషి పేరు ఊరికి, ఊరి పేరు దేవునికి, దేవుని నుండి తిరిగి మనుషులకు వచ్చినది. కొమురవెల్లి మల్లన్న పేర కొమురయ్య, కొమురమ్మ, కొమురెల్లి అను పేర్లు, కురవి వీరభద్రుని పేర వీరన్న, వీరభద్రం అను పేర్లు ఇట్టివే.

పర్వతగిరి మండలం అన్నారంలోని యాకూబ్ దర్గాకు మొక్కిన హిందూ కుటుంబాలలో యాకయ్య, యాకమ్మ, యాకూబ్ రెడ్డి అను పేర్లు సర్వసాధారణం. పేరును బట్టి మతమును నిర్ణయించువారు ఇక్కడ పొరబడుదురు.

బ్రతుకుట కొరకు పెట్టిన పేర్లు

పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోవుచుండిన ఇండ్లలో, తరువాతి శిశువును పెంటకుప్పపైనో ఎంగిలి విస్తళ్లపైనో క్షణకాలముంచి, తిరిగి ఎత్తుకొని పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య అని పిలిచెడివారు. పనికిరానిదని పారవేసిన బిడ్డను మృత్యువు కోరదని నమ్మిక. భిక్షపతి, భిక్షమ్మ అను పేర్లను బిడ్డను భిక్షగా పొందినామను భావంతో పెట్టుట కలదు. నేటి పిల్లలు ఈ పేర్లు విని నవ్వుదురు గాని, పెంటయ్య అను పేరు వెనుక ఆ తల్లి పోగొట్టుకొన్న బిడ్డలున్నారు.

పిలుపులో గౌరవం

దొరల కాలంలో క్రింది కులాలవారికి 'అయ్య', 'అమ్మ' దక్కలేదు. ఐలయ్యను ఐలిగాడనియు, మల్లయ్యను మల్లిగాడనియు పిలిచెడివారు. తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరునిగా పేర్కొనబడే దొడ్డి కొమరయ్య (1946 జూలై 4, కడవెండి), విసునూరు దేశముఖుకు ఎదురుతిరిగి తన కౌలుభూమి పంటను నిలుపుకొన్న పాలకుర్తి ఐలమ్మ (1895–1985) ఇద్దరి పేర్లును మల్లన్న పేర్ల కోవలోనివే. ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. అయినను లోకమునకు ఆమె కులముతో కలిసి చాకలి ఐలమ్మగానే తెలియును. హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు 2024లో ఆ పేరే పెట్టిరి. రచయిత కంచ ఐలయ్య తన పేరునకు 'షెపర్డ్' అని తానే చేర్చుకొని, కులవృత్తిని గౌరవచిహ్నముగా ధరించినారు.

ఇంటిపేరు

తెలుగువారికి ఇంటిపేరు ముందు వచ్చును. ఎక్కువ ఇంటిపేర్లు ఊళ్ల పేర్లే. పూర్వులు విడిచివచ్చిన ఊరు మరపునకు వచ్చినను ఇంటిపేరులో మిగిలియుండును. కాళోజీ నారాయణరావు (1914–2002) తండ్రి మరాఠీ, తల్లి కన్నడిగ. వరంగల్లువారు మాత్రం ఆయనను ఇంటిపేరుతోనే తమవాడిని చేసికొన్నారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం. పొడి అక్షరములుగా కుదించుటతో నేడు ఇంటిపేరు మరుగుపడుచున్నది. అమెరికా వెళ్లినవారి పత్రములలో అది చివరకు చేరుచున్నది.

ప్రస్తుత స్థితి

పెద్ద కుమారునికి తాత పేరు పెట్టు ఆచారమున్న ఇండ్లలో, మామగారి పేరు నోట పలుకరాదని కోడలు ఆ పిల్లవానిని 'పెద్దోడా' అని పిలిచెడిది. ఈ ఆచారం సన్నగిల్లినది. జన్మనక్షత్రపు అక్షరం, వినసొంపు చూచి పెట్టు పేర్లు పెరిగినవి. ఐలయ్య, సమ్మక్క అను పేర్లు మోటువని బడిలో తోటివారు ఎగతాళి చేయుట దీనికొక కారణం. కొన్ని కుటుంబాలలో పుట్టువెంట్రుకలు తీయించునాడు మాత్రము, మొక్కు చెల్లుటకై, క్షేత్రంలో బిడ్డను దేవుని పేరుతో ఒకసారి పిలుచుదురు. జనన ధ్రువపత్రంలో ఆ పేరుండదు.