చేల మీదుగా తెల్ల సీతాకోకచిలుకలు వెళ్తే మందు కొట్టాలా?

వానలు పడి ముళ్లపొదలు చిగుర్చిన కొన్నాళ్లకు రాయలసీమ, పాలమూరు మెట్టల్లో తెల్ల సీతాకోకచిలుకలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్కోసారి గుంపులుగా, అన్నీ ఒకే దిక్కుకు ఎగిరిపోతాయి. అది చూసి ఇక పురుగు పడుతుందని కొందరు రైతులు దుకాణానికి వెళ్లి మందు తెస్తున్నారు. ఆ ఖర్చు అనవసరం.

వీటిలో ఎక్కువగా కనిపించేది పయొనీర్ అనే రకం. శాస్త్రీయ నామం బెలెనాయిస్ అరోటా. తెల్లని రెక్కలు, ముందు రెక్కల కొసన నల్లని పట్టీ, ఆ పట్టీలో తెల్ల మచ్చలు ఉంటాయి. రెక్కలు ముడిచినప్పుడు అడుగున నల్లని ఈనెలు స్పష్టంగా తెలుస్తాయి. ఆఫ్రికా, అరేబియా ఎడారి అంచుల నుంచి మన దేశపు ముళ్లడవుల దాకా ఇది బతుకుతుంది.

దీని తల్లి పురుగు ఆదొండ, నల్ల ఉప్పి వంటి పొదల ఆకులపై గుడ్లు గుంపుగా పెడుతుంది. పిల్ల పురుగులు తినేది ఆ ఆకులనే. వేరుశనగ, కంది, మిరపలను ముట్టవు. రెక్కలొచ్చాక పూలలో తేనె తాగడమే దాని పని.

క్యాబేజీ వేసిన వారికి అనుమానం రావడం సహజమే. ఆదొండ ఆకులోని ఘాటు పదార్థాల వంటివే క్యాబేజీ, ఆవాల్లోనూ ఉంటాయి. పైగా ఉత్తర భారతంలో క్యాబేజీని తినే తెల్ల సీతాకోకచిలుక వేరే ఒకటి ఉంది. మన దగ్గర క్యాబేజీకి పెద్ద బెడద మాత్రం డైమండు రెక్కల పురుగు. అది సన్నగా, బూడిద గోధుమ రంగులో ఉండి చీకటి పడ్డాక తిరుగుతుంది. కాబట్టి గాలిలో ఎగిరేదాన్ని చూసి నిర్ణయించుకోకండి. ఆకు తిప్పి అడుగున చూడండి. చిన్న ఆకుపచ్చ పురుగులు, తిన్న మచ్చలు ఉంటే 5 శాతం వేప గింజల కషాయం పిచికారీ చేయండి. నాటేటప్పుడే ప్రతి 25 వరుసల క్యాబేజీకి 2 వరుసల ఆవాలు ఎర పంటగా వేస్తే ఇంకా మేలు.

వేరుశనగ రైతులు భయపడాల్సిన పొగాకు లద్దె పురుగు, ఎర్ర గొంగళి పురుగుల తల్లులు కూడా రాత్రిపూట తిరిగేవే. లద్దె పురుగు ఉనికి తెలియడానికి ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు పెట్టుకోండి. అలాగని సీతాకోకచిలుకలన్నీ మంచివని అనడం లేదు. నిమ్మ నారుమళ్లలో నలుపు పసుపు సీతాకోకచిలుక పిల్ల పురుగులు లేత ఆకులు మిగల్చవు, వాటిని ఏరివేయాల్సిందే.

గట్టు మీద ఆదొండ పొదకు ఆకు లేకుండా పురుగులు తినేసినా దాన్ని నరికి కాల్చకండి, మళ్లీ చిగురిస్తుంది. ఆదొండ కాయలు కూర వండుకునే ఊళ్లూ ఉన్నాయి. లద్దె పురుగులను ఏరి తినే పిట్టలకు, సాలీళ్లకు నీడ ఆ పొదల్లోనే.