ఉప్పు, బొగ్గు, పెనము: ఒక స్కాట్లండు పట్టణపు కథ

పరదేశపు పేర్లను చదువవలసిన మాకు వ్రాతకును పలుకుబడికిని గల వైరము క్రొత్తది కాదు. స్కాట్లండులో ఫోర్త్ నదీముఖమునకు ఉత్తరపు టొడ్డున ఒక చిన్న పట్టణమున్నది. వ్రాతలో దాని పేరు కల్రాస్; ఆ యూరివారి నోట కూరస్. నేడు అచ్చటి జనము సుమారు 400 మంది. అయినను నాలుగు శతాబ్దముల క్రిందట ఇది స్కాట్లండు వర్తకములో పేరెన్నిక గన్న రేవు. ఆ సంపద ఎట్లు వచ్చినది, ఎట్లు పోయినది, పోయిన పిదప ఊరు ఎట్లు నిలిచినది అనునదే నేటి ప్రసంగము.

1217లో ఫైఫ్ ప్రభువు మాల్కం ఇచ్చట సిస్టర్షియన్ సన్యాసులకు మఠము కట్టించెను. ఆ సన్యాసులు కొండవాలులో బొగ్గు త్రవ్వుచుండిరి. 1575లో జార్జి బ్రూస్ అను వర్తకుడు ఆ గనిని గుత్తకు పుచ్చుకొనెను. బొగ్గుపొర సముద్రము క్రిందికి పోవుచుండగా అతడును దానివెంట పోయెను. ఆటుపోటుల నడుమ గుండ్రని రాతిగోడ కట్టించి, దాని లోపలినుండి గనిలోనికి బావి దింపించెను. ఓడలు ఆ గోడచెంతకే వచ్చి బొగ్గు నింపుకొనెడివి. లోపల ఊరు నీటిని, గుర్రములు త్రిప్పు చక్రమునకు గొలుసుతో కట్టిన బొక్కెనలు తోడి పోయుచుండెను.

మన కోస్తాలో ఉప్పుమడులలోని నీటిని సూర్యుడే ఇగిర్చును. ఆ చలిదేశమున ఆ పని బొగ్గు చేయవలసి వచ్చెను. సముద్రజలమును పెద్ద ఇనుప పళ్ళెములలో కాచి ఉప్పు తీసిరి. 1592లో ఆరవ జేమ్స్ రాజు ఈ యూరికి విదేశవర్తకపు హక్కుతో కూడిన పట్టణ హోదా నిచ్చెను. 1597లో బ్రూస్ కట్టనారంభించిన పచ్చని గోడల మేడను నేడు ‘ప్యాలెస్’ అందురు. అది రాజమందిరము గాదు, వర్తకుని ఇల్లే. దాని చిత్రవర్ణపు కప్పులు ఇప్పటికిని చూడవచ్చును.

1617లో రాజు గని చూడవచ్చి, భూగర్భమున నడచి సముద్రమధ్యపు గోడమీద తేలి, నలువైపుల నీరు చూచి ‘ద్రోహము!’ అని కేకవేసెనని ఒక కథ. ద్రోహము రాజునకు గాదు, గనికే సంభవించినది. 1625 నాటి తుపానులో గోడ తెగి గని మునిగెను. ఆ యేడే బ్రూస్ మరణించెను.

ఊరికి మరియొక ఆధారము పెనము. మన అట్లపెనము వంటి గుండ్రని ఇనుపరేకును వారు ‘గర్డిల్’ అందురు. ఓట్లపిండి రొట్టెలు దానిమీదనే కాలును. ఇచ్చటి కమ్మరులకు 1599లో దాని తయారీపై ప్రత్యేకాధికారము లభించెను. కాని 1759లో సమీపమున కారన్ ఇనుపకర్మాగారము వెలసి, పోత ఇనుము చౌకయైన పిదప సుత్తిదెబ్బల పెనము నిలువలేకపోయెను. వర్తకము పెద్ద రేవులకు తరలెను.

ధనమున్న ఊరిలో పాత ఇండ్లు పడి క్రొత్తవి లేచును. కల్రాస్‌లో క్రొత్తవి కట్టుటకు ధనము లేదు. కావుననే పాతవి మిగిలెను. అయితే పేదరికము ఇంటిని పడగొట్టకుండ కాచునే గాని, కారు కప్పును బాగుచేయదు. 1931లో ఏర్పడిన స్కాట్లండు నేషనల్ ట్రస్టు మరుసటి యేడే ఆ మేడను 700 పౌనులకు కొనెను. పిదప కూలుచున్న చిన్న ఇండ్లనుకూడ తీసికొని బాగుచేసినది. 1960లో ఫైఫ్ తీరపు పట్టణములకై ఒక పథకము పెట్టినది: ఇల్లు కొని, బాగుచేసి, నివసించువారికి అమ్మి, ఆ సొమ్ముతో మరియొక ఇల్లు కొనుట.

ఇందులోని మర్మము చిన్నదే. మేడ ఒక్కటే నిలిచియుండిన అది ప్రదర్శనశాల యగును. కమ్మరి యిల్లు, నావికుని యిల్లు కూడ నిలిచి, వాటి పొగగూళ్ళనుండి నేటికిని పొగ లేచుచున్నందుననే కల్రాస్ ఊరుగా మిగిలినది.