పట్టాల మీద ఎవరి కన్ను?

గద్వాలలోనో, మదనాపురం దగ్గరి వనపర్తి రోడ్ స్టేషన్‌లోనో రోజూ ఎందరో కాచిగూడ బండి ఎక్కుతారు. ఆ పట్టాలు, వంతెనలు పదిలంగా ఉన్నాయో లేదో చూసేదెవరు? తప్పు జరిగితే నిగ్గు తేల్చేదెవరు? మీకు తెలుసా...

మంత్రి పదవిని కదిలించిన వంతెన
1956 సెప్టెంబరు 2న, ఇదే లైనులో, జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. అప్పటికి మనది ఇంకా హైదరాబాద్ రాష్ట్రమే. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరు 23న నేటి తమిళనాడులోని అరియలూరు దగ్గర వరద మరో రైలును బలి తీసుకుంది. శాస్త్రి మళ్లీ రాజీనామా ఇచ్చారు. ఈసారి నెహ్రూ కాదనలేదు.

చెరువు తెగితే రైలుకు ముప్పు
2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర వరదకు వంతెన కొట్టుకుపోయి డెల్టా ప్యాసింజర్ నీళ్లలో పడింది. నూటపది మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఎగువన తెగి లైను మీదికి రాగల చెరువులు, కట్టల జాబితా రైల్వే దగ్గర ఉంటుంది. వాటిని రాష్ట్ర అధికారులతో కలిసి తనిఖీ చేయాలన్నది నియమం. చెరువులే బతుకైన పాలమూరు నేలకు ఇంతకంటే ముఖ్యమైన తనిఖీ ఏముంటుంది?

రైలు తనిఖీ విమానాల శాఖ కింద!
ప్రమాదాలపై చట్టప్రకారం విచారణ జరిపే రైల్వే భద్రతా కమిషన్ రైల్వే శాఖ కింద లేదు, పౌర విమానయాన శాఖ కింద ఉంది. రైలు నడిపేవారే తమ తప్పును తామే తేల్చుకోకూడదన్నది అందులోని నీతి. 1937లో బీహార్‌లోని బిహటా ప్రమాదం తర్వాత వేసిన కమిటీ ఈ సంగతి గట్టిగా చెప్పింది. 1941లో తనిఖీ అధికారులను రైల్వే బోర్డు నుంచి విడదీశారు. 1961లో ఇప్పటి పేరు పెట్టారు. ప్రధాన కార్యాలయం లక్నోలో ఉంది, మన ప్రాంతాన్ని చూసే కమిషనర్ సికింద్రాబాద్‌లో ఉంటారు.

భద్రతా కమిషనర్ చూడనిదే బండి కదలదు
కొత్త లైను వేస్తే, కమిషనర్ చూసి నివేదిక ఇవ్వనిదే ప్రయాణికులను ఎక్కించకూడదని 1989 రైల్వే చట్టం చెబుతోంది. ఆయన మోటారు ట్రాలీ మీద వెళుతూ వంతెనలు, గేట్లు, మలుపులు, సిగ్నళ్లు చూస్తారు. ఆ తర్వాత రైలును వేగంగా నడిపించి పరీక్షిస్తారు. 2013లో మొదలైన గద్వాల–రాయచూర్ లైనుకూ ఇదే చట్టం. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన మహబూబ్‌నగర్–డోన్ రెండో లైనుకూ ఇదే పరీక్ష. నాగర్‌కర్నూల్ ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న గద్వాల–మాచర్ల మార్గం వచ్చిన రోజున దానికీ ఇది తప్పదు.

గద్వాల దారిలో కవచ్
ఎదురెదురుగా రైళ్లు వచ్చినా, లోకో పైలట్ ఎర్ర సిగ్నల్ దాటబోయినా బ్రేకు తనంతట తానే పడేలా చేసే ఏర్పాటు కవచ్. దక్షిణ మధ్య రైల్వేలో మొదట అమర్చిన 1,465 కిలోమీటర్లలో మన్మాడ్ నుంచి డోన్ మీదుగా గుంతకల్లు వెళ్లే మార్గమూ ఉంది. మన గద్వాల ఆ దారిలోదే.

సాక్ష్యం ఎవరైనా చెప్పవచ్చు
ఘోర ప్రమాదం జరిగినప్పుడు కమిషనర్ విచారణ తేదీ, చోటు పత్రికల్లో ప్రకటిస్తారు. చూసినవారు, విషయం తెలిసినవారు ఎవరైనా వెళ్లి చెప్పవచ్చు. పట్టాల పక్క చేనులో పనిచేసే రైతు మాటకూ అక్కడ విలువుంది.

నివేదిక మన చేతికి రావాలి
కమిషన్ వార్షిక నివేదిక పార్లమెంటు ముందుకు రావాలని చట్టంలో ఉంది. కానీ కమిషన్ సిఫార్సులను రైల్వే తప్పక పాటించాలనే నిబంధన లేదు. బ్రిటన్, అమెరికాల్లో స్వతంత్ర సంస్థలు తమ ప్రమాద నివేదికలను అందరూ చదివేలా ప్రచురిస్తాయి. మన దగ్గరా చట్టబద్ధమైన స్వతంత్ర రైల్వే భద్రతా సంస్థ కావాలని 2012లో రైల్వే భద్రతపై వేసిన అనిల్ కాకోద్కర్ కమిటీ చెప్పింది. పట్టాలు తప్పిన ఘటనలపై ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2022లో ఇచ్చిన నివేదిక తనిఖీల్లోని లోపాలను ఎత్తిచూపింది.

పది రూపాయల హక్కు
మన ఊరి వంతెనను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? ఎగువ చెరువు ఆ జాబితాలో ఉందా? సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ప్రమాదంలో ప్రయాణికుడు చనిపోతే కుటుంబానికి చట్టం ఇచ్చే పరిహారం 8 లక్షలు. ఆ పరిహారం ఏ ఇంటికీ అవసరం పడకూడదంటే ఈ ప్రశ్నలు ముందే అడగాలి. గ్రామసభల్లో, పత్రికల్లో, ఓటు అడగడానికి వచ్చిన నాయకుల ముందు అడుగుతూనే ఉండాలి.