వానకు చెదిరిన రికార్డింగ్‌కు రఫ్ఫు: మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా మరమ్మతు

అక్టోబరు వచ్చిందంటే పుదుచ్చేరిలో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి. పారిశ్రామిక వాడ ఉన్న మేట్టుపాళయం పరిసరాల్లో మిద్దెల మీది చిన్న డిష్ యాంటెన్నాలకు అది పరీక్షా కాలం. మామూలు జల్లుకు ఏమీ కాదు. జోరువాన పట్టుకుంటే మాత్రం టీవీ తెర మీద బొమ్మ గడులు గడులుగా విడిపోతుంది, మాట తెగుతుంది, కాసేపటికి తెర నల్లబడుతుంది. 2024 నవంబరు 30న ఫెంజల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు కురిసినంత వాన అయితే చెప్పనక్కర్లేదు.

యానాం నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఒక కుటుంబం, తమ ఇంటి అమ్మాయి పాల్గొన్న గంటసేపటి కూచిపూడి కార్యక్రమాన్ని కంప్యూటర్‌లోని ట్యూనర్ కార్డుతో రికార్డు చేసుకుందని అనుకుందాం. నడుమ వాన వచ్చింది. ఇప్పుడు ఫైలు నాలుగు చోట్ల చెదిరి ఉంది. అక్కడికి రాగానే కొన్ని ప్లేయర్లు ఆగిపోతున్నాయి. రెండో చెదురు దాటాక అడుగు ఒక చోట, మృదంగం దరువు మరో చోట పడుతున్నాయి. ఆ కార్యక్రమం మళ్లీ ప్రసారమవుతుందన్న నమ్మకం లేదు.

చాలామంది వెంటనే చేసే పని, ఆ ఫైలును ఏదో ఒక కన్వర్టర్‌లో వేసి కొత్త ఫైలుగా మార్చుకోవడం. చీరకు ఒక చోట చిరుగు పడితే అక్కడ రఫ్ఫు చేయిస్తారు గాని, చీరంతా విప్పి మళ్లీ నేయించరు. రికార్డింగ్ విషయంలోనూ అంతే. చెడింది నాలుగు చోట్ల అయితే, మిగిలిన యాభై తొమ్మిది నిమిషాల జోలికి పోనక్కర్లేదు.

ఫైలులో ఏముంటుంది?

డిజిటల్ టీవీ కార్యక్రమం ఇంటికి చేరేది చిన్న చిన్న ప్యాకెట్ల రూపంలో. ఎంపెగ్ ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ అనే ఈ పద్ధతిలో ఒక్కో ప్యాకెట్ సరిగ్గా 188 బైట్లు. సెకనుకు 30 లక్షల బిట్లతో వచ్చే చానల్‌లో సెకనుకు సుమారు 2,000 ప్యాకెట్లు వస్తాయి. గంట కార్యక్రమం దాదాపు 1.35 గిగాబైట్లు అవుతుంది.

ప్రతి ప్యాకెట్ ముందూ ఒక చిరునామా చీటీ లాంటి భాగం ఉంటుంది. దాని మొదటి బైటు ఎప్పుడూ ఒకే విలువ. ప్యాకెట్ ఎక్కడ మొదలైందో దాన్ని బట్టే తెలుస్తుంది. తర్వాత ఆ ప్యాకెట్‌లో ఉన్నది చిత్రమా, ధ్వనా, ఏ చానల్‌కు చెందినది అనే గుర్తింపు సంఖ్య. ఆపైన 0 నుంచి 15 వరకు తిరిగే వరుస సంఖ్య. 6 తర్వాత 9 వచ్చిందంటే నడుమ ప్యాకెట్లు పోయాయన్నమాట. మరమ్మతు సాఫ్ట్‌వేర్ ముందుగా చూసేది దీన్నే. అయితే సరిగ్గా 16 ప్యాకెట్లు పోతే ఈ వరుసలో తేడా కనిపించదు. అందుకే రెండో సాక్షి కావాలి. ఒక్కో చిత్రం ఎప్పుడు కనిపించాలో, ఒక్కో ధ్వని తునక ఎప్పుడు వినిపించాలో చెప్పే సమయ ముద్రలే ఆ సాక్షి. ఇవి సెకనును 90,000 భాగాలు చేసి లెక్కిస్తాయి.

వాన ఏం చేస్తుంది?

ఇళ్లకు వచ్చే ఉపగ్రహ ప్రసారాలు ఎక్కువగా కెయు బ్యాండ్‌లో ఉంటాయి. వాటి తరంగదైర్ఘ్యం సుమారు రెండున్నర సెంటీమీటర్లు. కొన్ని మిల్లీమీటర్ల వాన చినుకులు ఈ తరంగాల శక్తిని కొంత పీల్చుకుని, కొంత చెల్లాచెదురు చేస్తాయి. డిష్‌కు చేరే సంకేతం బలహీనపడి బిట్లు తారుమారవుతాయి.

దీన్ని ముందే ఊహించి ప్రసారంలో రక్షణ ఏర్పాటు చేశారు. డీవీబీ-ఎస్ పద్ధతిలో ప్రతి 188 బైట్లకు 16 బైట్ల అదనపు సమాచారం జతచేస్తారు. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ ప్రతిపాదించిన గణిత పద్ధతి ఇది. దీని సాయంతో ఒక్కో ప్యాకెట్‌లో 8 బైట్ల వరకు తప్పులను రిసీవర్ తనంతట తానే దిద్దుకుంటుంది. తప్పులు అంతకు మించితే దిద్దలేదు. ప్యాకెట్ చెడిందని గుర్తుపెట్టడమో, వదిలేయడమో చేస్తుంది. జోరువానలో బొమ్మ క్రమంగా మసకబారకుండా ఒక్కసారిగా చెదిరిపోవడానికి కారణం ఇదే.

మొత్తం మార్చేస్తే నష్టమేమిటి?

టీవీ చిత్రాన్ని కుదించేటప్పుడు దాన్ని చిన్న చదరాలుగా విడగొట్టి, ప్రతి చదరాన్నీ డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే లెక్కతో స్థూల, సూక్ష్మ వివరాలుగా వేరుచేస్తారు. 1974లో ఈ పద్ధతిని వివరించిన పత్రం మీద ముగ్గురి పేర్లున్నాయి: బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో ఆచార్యుడైన కామిశెట్టి రామమోహన్ రావు.

వేరుచేసిన తర్వాత కంటికి అంతగా పట్టని సూక్ష్మ వివరాల విలువలను దగ్గరి అంకెలకు సవరిస్తారు. ఫైలు చిన్నదయ్యేది ఇక్కడే, కొంత సమాచారం శాశ్వతంగా పోయేదీ ఇక్కడే. ప్రసార కేంద్రంలో ఈ పని ఒకసారి జరిగిపోయింది. ఇంట్లో మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే, అప్పటికే సవరించిన అంకెలను విప్పి ఇంకోసారి సవరించినట్టు అవుతుంది. పట్టుచీర అంచు జరీ, ముఖంలోని సన్నని అభినయ రేఖలు మరికొంత అలుక్కుపోతాయి. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. చెదిరిన గడులను కూడా కన్వర్టర్ నిజమైన బొమ్మ అనుకుని కొత్త ఫైలులో ఎక్కిస్తుంది. పాత వరుస సంఖ్యలూ, అసలు సమయ ముద్రలూ అందులో ఉండవు. గాయం మానదు సరికదా, ఎక్కడ తగిలిందో కనిపెట్టే ఆనవాళ్లూ పోతాయి.

కోత ఎక్కడ పెట్టాలి?

అలాగని ఫైలును నచ్చిన చోట కోయడం కుదరదు. అన్ని చిత్రాలూ పూర్తి చిత్రాలు కావు. ఐ-ఫ్రేము మాత్రమే దేనిమీదా ఆధారపడకుండా తనంతట తాను నిలబడుతుంది. పి-ఫ్రేములో దానికి ముందున్న చిత్రంతో పోలిస్తే వచ్చిన మార్పులే ఉంటాయి. బి-ఫ్రేము ముందూ వెనుకా ఉన్న రెండు చిత్రాల ఆసరా తీసుకుంటుంది. ఎంపెగ్-2 ప్రసారాల్లో తరచుగా 12 ఫ్రేములకు ఒక ఐ-ఫ్రేము వస్తుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన అది 0.48 సెకను.

అందువల్ల ఐ-ఫ్రేములో ఒక్క ప్యాకెట్ పోయినా, దాని మీద ఆధారపడిన చిత్రాలన్నీ తర్వాతి ఐ-ఫ్రేము వచ్చేదాకా చెడిపోవచ్చు. మరమ్మతులో చెడిన గుంపును తీసేసి, తర్వాతి ఐ-ఫ్రేము నుంచి తిరిగి అందుకుంటారు. దాని వెనుకే వచ్చే కొన్ని బి-ఫ్రేములు తొలగించిన గుంపును ఆసరా చేసుకుని ఉంటే వాటినీ తీసేయాలి. లేకపోతే అతుకు దగ్గర మళ్లీ గడులు కనిపిస్తాయి. మిగిలిన చిత్రాల బైట్లు ప్రసార కేంద్రం నుంచి ఎలా వచ్చాయో అలాగే కొత్త ఫైలులోకి వెళతాయి.

సరిగ్గా ఫలానా ఫ్రేము దగ్గరే కోయాల్సి వస్తే మరో దారి ఉంది. కోత నుంచి తర్వాతి ఐ-ఫ్రేము దాకా ఉన్న కొద్ది ఫ్రేములను మాత్రం కొత్తగా ఎన్‌కోడ్ చేసి, మిగతాదంతా యథాతథంగా ఉంచుతారు. హెచ్.264 ప్రసారాల్లో ఐ-ఫ్రేముల మధ్య దూరం ఎక్కువగా ఉండవచ్చు గనుక అక్కడ ఈ పద్ధతి మరింత అక్కరకొస్తుంది.

అడుగూ దరువూ కలవాలంటే

వాన దెబ్బ చిత్రానికీ ధ్వనికీ సమానంగా తగలదు. రెండింటి ప్యాకెట్లూ విడివిడి. పైగా చిత్రం కోలుకోవాలంటే తర్వాతి ఐ-ఫ్రేము దాకా ఆగాలి. ఎంపెగ్ లేయర్-2 ధ్వనిలో ఒక్కో ఫ్రేము 24 మిల్లీసెకన్లే కాబట్టి ధ్వని త్వరగా తేరుకుంటుంది.

కార్యక్రమంలో రెండో చెదురు దగ్గర 75 చిత్రాలు, అంటే 3 సెకన్ల దృశ్యం పోయిందనుకుందాం. ధ్వనిలో పోయినవి 100 ఫ్రేములు, అంటే 2.4 సెకన్లు. సమయ ముద్రలు చూడకుండా మిగిలిన ముక్కలను పక్కపక్కన అతికిస్తే, అక్కడి నుంచి అడుగు ముందు పడుతుంది, దరువు 0.6 సెకను ఆలస్యంగా వినిపిస్తుంది. నాట్యంలో అది భరించలేని తేడా.

దీనికి రెండు మందులున్నాయి. బొమ్మ లేని 0.6 సెకను ధ్వనిని, అంటే 25 ఫ్రేములను తీసేస్తే రెండూ మళ్లీ కలుస్తాయి. కార్యక్రమం 3 సెకన్లు తగ్గుతుంది. లేదా పోయిన చోట ముందే తయారుగా ఉన్న 100 నిశ్శబ్ద ధ్వని ఫ్రేములు పెట్టి, చివరి మంచి చిత్రాన్ని 3 సెకన్లు నిలిపి ఉంచవచ్చు. అప్పుడు కాలం లెక్క తప్పదు, తాళం ఆవర్తనాల లెక్కా చెడదు. సంభాషణల కార్యక్రమానికి మొదటిది సరిపోతుంది. సంగీత నృత్యాలకు రెండోది మేలు. ఏ దారిలోనైనా మంచి ఫ్రేముల్లో ఒక్క అంకె కూడా మారదు.

ఇలాంటి పనికి ప్రాజెక్ట్‌ఎక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంపెగ్-2 రికార్డింగ్‌ల కోసమే తయారైంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోనూ ఎన్‌కోడ్ చేయకుండా నకలు తీసే పద్ధతి ఉంది. చేసేది ప్రధానంగా బైట్లను చదివి రాయడమే కాబట్టి, సాధారణ కంప్యూటర్‌లో గంట రికార్డింగ్ కూడా కొద్ది నిమిషాల్లో పూర్తవుతుంది.

మరమ్మతుకు హద్దు

రాని ప్యాకెట్లను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. ఖాళీని ఊహతో నింపిన చిత్రం అందంగా కనిపించవచ్చు గాని, ఆ రోజు వేదిక మీద జరిగింది అది కాదు. చేయగలిగిందల్లా నష్టాన్ని జరిగిన చోటికే పరిమితం చేయడం.

కాబట్టి మొదటి జాగ్రత్త, డిష్ నుంచి వచ్చిన అసలు ఫైలును ముట్టుకోకుండా భద్రపరచడం. మరమ్మతు ఎప్పుడూ నకలు మీదే చేయాలి. ఏ నిమిషంలో ఏం తీశారో, ఏం చేర్చారో ఒక చీటీలో రాసి ఫైలు పక్కనే ఉంచాలి. రేపు అదే కార్యక్రమాన్ని వాన పడని మరో ఊళ్లో రికార్డు చేసుకున్నవారు దొరికితే, మేట్టుపాళయంలో పోయిన ఆ 3 సెకన్లను వారి ఫైలు నుంచి తెచ్చి ఇక్కడ అతికించవచ్చు. ఒకే ప్రసారం గనుక రెండు ఫైలుల్లోని సమయ ముద్రలూ ఒకటే. కన్వర్టర్‌లో వేసి మార్చేసిన ఫైలుకు ఆ అవకాశం మిగలదు.