నిలిచిన చిత్రమున పరుగెత్తు బండి

2024 ఆగష్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో మన చెన్నపట్టణమున ఐలండ్ గ్రౌండ్సు చుట్టు గల వీథులలో రాత్రివేళ మోటారు పందెములు జరిగినది మొదలు మన బాలబాలికలకు ఒక క్రొత్త వేడుక పట్టుకొన్నది. పాఠశాల ఛాయాచిత్రముల పోటీకి లోగడ కోవెల గోపురములు, పూలు, పెంపుడు పిల్లులు వచ్చుచుండెడివి. ఇప్పుడు బండ్లు వచ్చుచున్నవి. ఇది తప్పని మేము తలంపము. వేగము చూడదగిన వస్తువే. కాని ఆ చిత్రములను బల్లపై పరచి చూచినపుడు మాకు రెండు విషయములు తోచినవి. మొదటిది, వానిలో పెక్కింట బండి పరుగెత్తుచున్నట్లు లేదు. రెండవది, వానిలో ఒకదానిని తీయుటకు బాలుడు ఎన్నుకొన్న చోటు ఎవ్వరును నిలువదగిన చోటు కాదు. ఈ రెంటిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

మేము ఛాయాగ్రహణమున నేర్పరులము కాము. రెండుమార్లు ఓడిపోయినవారము మాత్రమే. మొదటి ఓటమి షోలవరమున జరిగినది. పట్టణమునకు ఉత్తరమున కలకత్తా రాజమార్గముపై రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానపు బాట యొకటి ఉండెను. 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువారు చాలకాలము అచ్చటనే పందెములు నడపిరి. 1980వ దశకమున మా మేనమామగారు మమ్ము అచ్చటికి గొనిపోయి, తమ ఆగ్ఫా క్లిక్ పెట్టె కెమేరాను మా చేతికిచ్చి, "పన్నెండు బొమ్మలే వస్తాయిరా, చూసి నొక్కు" అని చెప్పిరి. మేము చూచియే నొక్కితిమి. ఫిల్ము కడిగించగా పన్నెండింటిలో తొమ్మిదింట బండియే లేదు. ఎండిన గడ్డి, దూరమున తాటిచెట్లు, నడుమ తడిచేతితో తుడిచిన పలకవలె ఒక మసక చార మాత్రమే కానవచ్చెను.

రెండవ ఓటమి అనేక సంవత్సరముల తరువాత శ్రీపెరుంబుదూరు చెంతనున్న ఇరుంగాట్టుకోట్టైలో జరిగినది. 1990 నుండి ఆ క్లబ్బువారి పందెపు బాట అచ్చటనే కలదు. ఈ పర్యాయము మా చేత మంచి కెమేరా ఉండెను. ప్రతి చిత్రమున ప్రతి బండియు స్పష్టముగా వచ్చెను. టైరుపై అక్షరములను సైతము చదువవచ్చును. సంతోషముతో వానిని పాఠశాల గోడపై అంటించితిమి. ఆరవ తరగతి బాలిక యొకతె వానిని చాలసేపు చూచి, "సార్, ఈ కార్లన్నీ ఎందుకు ఆపేశారండీ?" అని అడిగెను. ఆ ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేకపోయెను.

ఒకచోట బండి మాయమైనది, మరియొకచోట వేగము మాయమైనది. దీనికి కారణము చిన్న గణితముతో తెలియును.

గంటకు 180 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనుకు 50 మీటర్లు పోవును. కెమేరా కన్ను 1/30 సెకను తెరచియుండినచో ఆ కాలమున బండి 1 మీటరు 67 సెంటీమీటర్లు జరుగును. ప్రతి బిందువును అంత పొడవు గీతగా సాగును. అదియే షోలవరపు చార. కెమేరా కన్ను 1/2000 సెకను మాత్రమే తెరచినచో బండి జరుగునది రెండున్నర సెంటీమీటర్లు. నాలుగు మీటర్ల బండిలో ఆ రెండున్నర సెంటీమీటర్లు కంటికి ఆనవు. చక్రపు కమ్ములు కూడ నిలిచిపోవును. అదియే ఇరుంగాట్టుకోట్టైలో మేము "ఆపివేసిన" బండి.

ఈ రెంటి నడుమ నొక త్రోవ కలదు. దానిని ప్యానింగు అందురు. ఛాయాగ్రాహకుడు పాదములను కదల్పక, నడుము నుండి శరీరమును త్రిప్పుచు, బండి వచ్చుచున్నప్పటి నుండి దానిని కెమేరాలో వెంబడించుచు, ఆ త్రిప్పుట ఆపకయే మీట నొక్కవలెను. కాలము 1/60 సెకను ఉండవచ్చును. అప్పుడు బండితోపాటు కెమేరాయు తిరుగుచుండుటచే బండి స్పష్టముగా నిలుచును. వెనుకనున్న గోడలు, ప్రకటన బల్లలు, జనులు అడ్డగీతలై సాగుదురు. చక్రములు సెకనుకు సుమారు 26 మార్లు తిరుగుచుండును గనుక, ఆ 1/60 సెకనులో దాదాపు సగము చుట్టు తిరిగి, కమ్ములు కనబడక వలయములుగా మారును. ఏది నిలువవలెనో, ఏది చెదరవలెనో నిర్ణయించుటయే ఇందలి విద్య. అంతయు నిలిచినను వేగము లేదు, అంతయు చెదిరినను బండి లేదు.

ఇచ్చట నిలుచు చోటు ముఖ్యమైనది. పిల్లలు సాధారణముగ బాటకు ఎంత దగ్గరగా నుండిన అంత మంచి చిత్రము వచ్చునని తలతురు. ప్యానింగు విషయమున ఇది తారుమారు. బాటకు 10 మీటర్ల దూరమున ఉన్నవాడు మెడ త్రిప్పునంతలో బండి దాటిపోవును. 50 మీటర్ల దూరమున ఉన్నవానికి, బండి ఎదుటికి వచ్చిన క్షణమున, అందులో ఐదవ వంతు వేగముతో తిరిగిన చాలును. కావున దూరము భయస్థుని చోటు కాదు, పని తెలిసినవాని చోటు.

ఇక తప్పుగా వచ్చిన చిత్రము సైతము కొన్ని సమయముల నిజము చెప్పునని ఒక చరిత్ర కలదు. ఫ్రాన్సు దేశమున 1894లో జన్మించిన జాక్ ఆన్రీ లార్తీగ్ బాల్యము నుండియు కెమేరా చేతబట్టినవాడు. యువకుడుగా నుండగా ఫ్రెంచి గ్రాన్ ప్రీ పందెమున దాటిపోవుచున్న 6వ నెంబరు బండిని తీసెను. ఆ చిత్రము 1912 నాటిదని చాలకాలము చెప్పుకొనిరి. 1913లో అమియన్ నగరమున జరిగిన పందెమునకు చెందినదని పరిశోధకులు తరువాత గుర్తించిరి. ఆ చిత్రమున బండి ముందు భాగము అంచునకు తెగిపోయినది. వెనుక చక్రము గుండ్రముగా లేక కోడిగ్రుడ్డువలె ముందునకు వ్రాలియున్నది. ఒడ్డున నిలిచిన జనులు, స్తంభములు వెనుకకు ఒరిగియున్నారు. ఆనాటి లెక్కలో ఇది చెడిన చిత్రమే. కాని 1963లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాలవారు లార్తీగ్ చిత్రములను ప్రదర్శించిన పిమ్మట ప్రపంచమంతయు వానిని ఎరిగినది. నేడు వేగమనగానే పలువురు తలచుకొను చిత్రములలో ఈ 6వ నెంబరు బండి యొకటి.

చక్రము ఏల వ్రాలెను? ఆ కెమేరా షట్టరు పలకనంతటిని ఒక్కమారుగా తెరువదు. తెరలోని సన్నని చీలిక పలక మీదుగా పైనుండి క్రిందికి జారును. కెమేరాలో బింబము తలక్రిందుగా పడును గనుక మొదట నేల, తరువాత నడుము, కడపట తల అచ్చుపడును. నేలను తాకు చక్రపు అంచు అచ్చుపడిన తరువాత, పై అంచు అచ్చుపడు లోపల, బండి కొంత ముందునకు సాగినది. కావున పై భాగము ముందునకు వ్రాలెను. లార్తీగ్ కెమేరాను బండి వెంట త్రిప్పెను గాని బండియంత వేగముగ త్రిప్పలేదు. ఆ త్రిప్పుటచే నిలిచిన జనులు చిత్రమున వెనుకకు జరిగి, వారి తలలు పాదములకంటె వెనుకబడినవి. బండి ముందునకును లోకము వెనుకకును వంగినవి. చేతి లోపము, యంత్రపు లోపము రెండును కలిసి కంటికి తెలియని దానిని చూపినవి.

విద్యార్థులారా, దీనిని మీరు నమ్మనక్కరలేదు, పరీక్షింపవచ్చును. నేటి చరవాణి కెమేరాలు చాలవరకు చిత్రమును ఒక్కమారుగా గాక వరుసవెంట వరుసగా చదువును. సెలవులకు గూడూరు వైపు రైలులో పోవునపుడు ఫోనును అడ్డముగా పట్టి, కిటికీ లోపలినుండియే, దాపున దాటిపోవు విద్యుత్ స్తంభములను తీయుడు. నిటారుగా నాటిన స్తంభములు ఒరిగియుండును. లార్తీగ్ చక్రమును వంచిన ధర్మమే మీ స్తంభమును వంచినది.

ఇక కోణముల సంగతి. మనము నిలుచుండి, కంటి ఎత్తున కెమేరా పట్టి తీసిన చిత్రము అందరును ప్రతిదినము చూచునదే. కన్ను స్థానము మారినచో వస్తువు స్వభావము మారును. నేలకు దగ్గరగా పట్టినచో ముందు చక్రము పెద్దదై, బండి ఆకాశమును అడ్డగించి మీదికి వచ్చుచున్నట్లుండును. ఎత్తైన ప్రేక్షకుల మెట్లపైనుండి తీసినచో బండి చిన్నదగును గాని, మలుపు వంకర, టైర్ల నల్లని జాడలు, ఒకని వెనుక ఒకడు త్రోవ వెదకుట తేటపడును. ఎదురుగా వచ్చు బండి ప్రక్కకు జరుగదు గనుక తక్కువ వేగపు షట్టరుతోను స్పష్టముగా వచ్చును; పైగా వేడి గాలిలో దాని రూపము వణకుచుండుట కానవచ్చును. ఇవిగాక, జెండా పట్టిన ఉద్యోగి భుజము మీదుగాను, సాయంకాలపు నీడను మాత్రమే చూచుచును, వాన పడినచో చక్రముల వెనుక లేచు తుంపురులను చూచుచును తీయవచ్చును.

ఇంగ్లండు ఛాయాగ్రాహకుడు లూయీ క్లెమాంటాస్కీ అంతకంటె వింతయైన చోటు ఎన్నుకొనెను. 1957లో ఇటలీ దేశపు మిల్లే మీల్యా పందెమున అతడు పీటర్ కాలిన్స్ నడపిన ఫెరారీ బండిలో ప్రక్క పీటపై కూర్చుండి, త్రోవ చెప్పుచు, చిత్రములు తీసెను. చోదకుని చేతులు, మీదికి దూకు బాట ఆ చిత్రములలో మనకు చోదకునికి కనబడినట్లే కనబడును.

అయితే ఆ పందెమును గూర్చి మరియొక మాటయు చెప్పవలెను. అది మామూలు రహదారులపై జరిగినది. జనులు బాట అంచుననే నిలిచిరి. మరియొక ఫెరారీ టైరు ప్రేలి, ఆ బండిలోని ఇరువురును, ఒడ్డున చూచుచున్న 9 మందియు మరణించిరి. వారిలో పసిపిల్లలును కలరు. వేగపు పందెముగా మిల్లే మీల్యాకు అదియే కడపటి సంవత్సరము. అంతకు రెండేండ్లకు ముందు, 1955 జూన్ 11న, ఫ్రాన్సులోని ల మాన్ పందెమున ఒక బండి జనులలోనికి ఎగిరిపడగా 80 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. నేడు పందెపు బాటల చుట్టు కనబడు కంచెలు, గోడలు, టైర్ల దొంతరలు చిత్రములకు అడ్డమని మన బాలురు విసుగుకొందురు. అవి ఇట్టి మరణములు నేర్పిన పాఠములు.

ఆ పాఠము మా పాఠశాల గడపలోనికే వచ్చినది. గత సంవత్సరము పదవ తరగతి బాలుడొకడు, లైసెన్సు లేని స్నేహితులు సర్వీసు రోడ్డుపై మోటారు సైకిళ్లు తోలుచుండగా, బాట అంచున బోరగిల పరుండి ఫోనుతో చిత్రము తీసెను. ఒక బండి కాలిమెట్టు అతని మోచేతికి తగిలినది. ఎముక విరిగినది, ఫోను పగిలినది, చిత్రము మాత్రము దక్కినది. అతని తల్లిగారు మా గదిలో కూర్చుండి, "ఫోను కొనిచ్చింది నేనేనండీ" అని ఒక్కమాట అని ఊరకుండిరి. మందలింప నోరు తెరచిన మాకు బాలుడు, "పైనుంచి తీస్తే బండి బొమ్మలా ఉంటుందండీ సార్" అనెను. చిత్రమును చూచితిమి. మంచి చిత్రమే. అతడు చెప్పినదియు నిజమే. అదియే మమ్ము ఎక్కువ బాధించినది. కంటికి తెలిసిన దానిని తీర్చుకొనుటకు తగిన చోటు మేము అతనికి చూపలేదు.

చేయి కట్టు విప్పిన తరువాత అతనిని, మరి నలుగురను ఇరుంగాట్టుకోట్టైకి గొనిపోయితిమి. అంతకు ముందు నెల దినములు పాఠశాల ఆవరణలోనే సైకిలుపై అభ్యాసము చేయించితిమి. గంటకు 18 కిలోమీటర్ల సైకిలును 1/6 సెకనుతో తీయుట, 180 కిలోమీటర్ల బండిని 1/60 సెకనుతో తీయుటకు సమానము. ఎట్లనగా వేగము పదవ వంతు, కాలము పదిరెట్లు. ఖర్చు లేదు, అపాయము లేదు. నేల మీది కోణము కావలసినవాడు పరుండక, ఆవరణలోనే ఫోనును ఇటుకకు ఆనించి, కాలవ్యవధి మీటను పెట్టి దూరముగ నిలిచెను.

పందెము దినమున అందరును కంచె ఇవతలనే, ప్రేక్షకుల మెట్లపైననే ఉండిరి. నలుగురును బండ్లను తీసిరి. చేయి విరిగిన బాలుడు మాత్రము బండ్లవైపు గాక జనులవైపు తిరిగెను. అతని చిత్రమున బండి లేదు. ముప్పది నలువది తలలు ఒక్కమారుగా కుడివైపునకు తిరిగియున్నవి. ఒక తాతగారు టోపీ పట్టుకొన్నారు, ఒక పాప రెండు చెవులు మూసికొన్నది, ఒక తండ్రి చేయి పాప భుజముపై నున్నది. క్రింది అంచున ఒక ఎఱ్ఱని చార మాత్రము కలదు.

ఆ చిత్రమును మేము పాఠశాల గోడపై పెట్టితిమి. పూర్వము ఆపివేసిన కార్లను గూర్చి అడిగిన బాలిక ఇప్పుడు పెద్ద తరగతిలో నున్నది. ఆమె వచ్చి చూచి, "ఇది చాలా స్పీడుగా పోయిందండీ" అనెను.