పాత బేలర్ కొంటున్నారా? పెయింటు చూడకండి

యాసంగి కోతలు ఇంకో నెల ఉందనగా చిన్నాన్న ఫోన్ చేశాడు. "మిర్యాలగూడ దిక్కు గడ్డి కట్టలు కట్టే మిషనొకటి అమ్మకానికున్నదిరా. రెండు లక్షలు చెప్తున్నడు. ఇంజినీరువి గదా, వచ్చి జూడు."

నేను చదివింది కంప్యూటర్లు. అయినా వెళ్లాను. ఆ డబ్బులో సగానికి పైగా చిన్నమ్మ గొలుసు కుదవపెట్టి తెచ్చేదే మరి.

హార్వెస్టర్ కోశాక గడ్డి పొలంలో వరసలుగా పడిపోతుంది. ఏరి మోపులు కట్టే మనుషులు దొరకరు. తగలబెడితే బర్రెలకు మేత ఉండదు. అందుకే ట్రాక్టర్ వెనక తగిలించే చిన్న రౌండ్ బేలర్లకు గిరాకీ. కానీ సీజన్ ఇరవై పాతిక రోజులే. అందులో నాలుగు రోజులు మిషన్ ఆగితే వడ్డీ కూడా రాదు.

అమ్మేవాళ్లు కొత్త ఎర్ర పెయింటు వేయించి పెట్టారు. నేను అక్కడే ఫ్లాట్! మేం వెంట తీసుకెళ్లిన మెకానిక్ మాత్రం అటు చూడనేలేదు. చైన్‌ని పళ్ల చక్రం మీంచి వేలితో లాగాడు. సగం పన్ను బయటపడేంత లేచింది. "చైన్ సాగింది. పళ్లు కొక్కేల లెక్క అయినయ్. రెండూ మార్చాలె, ఒక్కటి మారిస్తే ఇంకోదాన్ని తింటది" అన్నాడు. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, ఇనుమును ఆకురాయిలా అరగదీస్తుంది. అందుకే ఎన్నేళ్ల మిషన్ అని కాదు, ఎన్ని కట్టలు కట్టిందని అడగాలి.

ఖాళీగా తిప్పి చూపిస్తే ఒప్పుకోలేదు, గడ్డి మీద నడిపించాడు. కట్ట ఒక పక్క వదులుగా వస్తే డ్రైవర్ తప్పు కావచ్చు, వరసను ఒకవైపే ఎక్కిస్తున్నాడేమో. తాడు సరిగ్గా చుట్టకపోయినా, కత్తి దాన్ని తెంచకపోయినా మిషన్‌నే అనుమానించాలి. కాసేపయ్యాక ఇంజన్ ఆపించి బేరింగుల దగ్గర చెయ్యి పెట్టాడు. రెండుచోట్ల చెయ్యి నిలవలేదు. ఎండుగడ్డి మధ్య కాలే బేరింగంటే నిప్పు పెట్టుకున్నట్టే.

మళ్లీ నడిపిస్తుంటే గడ్డి అడ్డం పడింది. అమ్మే ఆయన కొడుకు, ఇరవై ఏళ్లుంటాయేమో, పీటీవో తిరుగుతుండగానే చెయ్యి పెట్టబోయాడు. "అరేయ్! తియ్ చెయ్యి!" మెకానిక్ అరుపుకి నేనే రెండడుగులు వెనక్కి వేశాను. పీటీవో నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకి తొమ్మిది. చెయ్యి వెనక్కి లాక్కునే లోపే అది లోపలికి లాగేస్తుంది. షాఫ్ట్ మీద ఉండాల్సిన ప్లాస్టిక్ తొడుగు కూడా లేదు. అడ్డమొస్తోందని తీసేశారట! తువ్వాలు కొస చుట్టుకుంటే చాలు కదా.

చైన్, పళ్లచక్రాలు, రెండు బేరింగులు, తొడుగు... అన్నీ లెక్కేసి లక్షా యాభై వేలకి బేరం తెగ్గొట్టాం.

ఇప్పుడు చిన్నాన్న రోజూ పొద్దున గ్రీజు కొట్టి, షాఫ్టులకి చుట్టుకున్న గడ్డి కోసి పారేస్తాడు. ఆ గడ్డే సీలు చింపి బేరింగును తినేది. మంచు ఆరేదాకా పని మొదలుపెట్టడు, తడిగడ్డి కట్టిస్తే లోపల బూజు పడుతుంది, పశువులు ముట్టవు. సీజన్ అయ్యాక లోపలి గడ్డంతా దులిపి, చైన్లకి నూనె రాసి రేకుల షెడ్డులో పెడతాడు. లేదంటే ఎలుకలూ తుప్పూ పోటీపడతాయి.

గడ్డి ఇరుక్కుంటే మాత్రం ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే దిగుతాడు. మొదటి సీజన్‌కి అప్పు సగం తీరింది. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది.